జరపొచ్చు, తిప్పకూడదు

ఆ ఇంట్లో కుర్చీని జరపొచ్చు, తిప్పకూడదు. బల్లకీ అదే నియమం, మంచానికీ అదే నియమం. తెలియక ఎవరైనా కుర్చీని తమ వైపు తిప్పుకుని కూర్చోబోతే ఇల్లాలు వంటగదిలోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చేది.

"ఆగండాగండి! ఎర్రచుక్క గుమ్మం వైపు ఉండాలి. లేకపోతే మీరు ముందుకు జారి మా ఆయన ఒళ్లో పడతారు."

వచ్చినవాళ్లు వంగి చూస్తే కుర్చీ కాళ్లలో రెండింటి మీద కందిగింజంత ఎర్ర రంగు చుక్కలు కనిపించేవి. వాటిని పెట్టినాయన గుమ్మం పక్కన పీట మీద కూర్చుని, ఏదో కొట్టువాడి తక్కెడ ఒళ్లో పెట్టుకుని, నవ్వు మీసాల్లో దాచుకునేవాడు. వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆయన కాటా బాబాయే. అసలు పేరు అద్దె రసీదుల్లో మాత్రమే ఉండేది.

ఆ ఇంటికి ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట వచ్చారు. కొత్త పెళ్లాం, ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు, పనిముట్ల పెట్టె. ఇల్లుగల పెద్దావిడ పై అంతస్తులో ఉండేది. తాళం చేతిలో పెట్టేముందు రెండే రెండు షరతులు చెప్పింది.

"గోడకి మేకు కొట్టనివ్వను. నేల తవ్వనివ్వను. మిగతాదంతా మీ ఇష్టం."

"మిగతాది అంటే గాలేగా అండీ," అన్నాడు కాటా బాబాయ్. ఆవిడ నవ్వలేదు. ఆవిడ వెనకే నిలబడిన తొమ్మిదేళ్ల కూతురు మాత్రం కిసుక్కున నవ్వింది.

మొదటిరోజు సామాను సర్దుతుంటే భార్య చొక్కా గుండీ ఒకటి జారవిడిచింది. అది నేల మీద పడి, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, తర్వాత తాపీగా దొర్లుకుంటూ గదంతా దాటి ఎడమవైపు వెనక మూలకి పోయి పడుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. గాజు గొట్టంలో బుడగ ఓ పక్కకి పారిపోయింది. గుమ్మం దగ్గర మెరక, వెనక గోడ దగ్గర పల్లం. పధ్నాలుగు అడుగుల గదిలో రెండు వేళ్ల వాటం.

"కాటాలు సరిచేసే మనిషి ఇంట్లో గ్లాసులో నీళ్లు వాలుగా నిలబడితే నలుగురూ ఏమనుకుంటారండీ?" అంది భార్య.

ఆ ఒక్క మాట ఆయన్ని పొడిచింది. నేల తవ్వడానికి లేదు. సరే, నేలని మార్చలేకపోతే సామాన్ని మారుద్దాం అనుకున్నాడు. రంపం తీసి, బల్లకి మెరక వైపు కాళ్లని కొలత ప్రకారం కోశాడు. కుర్చీలకీ, మంచానికీ కోశాడు. బల్ల మీద గ్లాసు పెట్టి నీళ్లు పోస్తే అంచు చుట్టూ సమానంగా నిలిచాయి. కోసిన కాళ్ల మీద, ఎటు పెట్టాలో మర్చిపోకుండా ఎర్రచుక్కలు పెట్టాడు. తెలివైన పని చేశానని ఆ రోజంతా మురిసిపోయాడు కూడా.

అద్దె ఇంటి నేలకి సొంత సామాన్ని కొలిచి కోసుకున్నామని, ఇక అవి ఈ భూమ్మీద ఇంకెక్కడా నిటారుగా నిలబడవని ఆ రోజు ఇద్దరికీ తట్టలేదు. అప్పటికి ఇల్లు మారడం అనే మాటే ఆలోచనలో లేదు మరి.

కోసిన చెక్క బిళ్లల్ని మాత్రం ఆయన పారేయలేదు. అది ఆయనకి పని నేర్పిన గురువు పెట్టిన అలవాటు. తూకంరాయి బరువు ఎక్కువైతే అడుగున ఉన్న సీసం కాస్త గీకి తీస్తారు. ఆ గీకిన సీసాన్ని కాగితంలో చుట్టి, ఏ రాయిదో రాసి దాచాలి. "తీసింది పారేశావనుకో, రేపు ఎక్కువ తీశానని తెలిస్తే ఏం పెట్టి పూడుస్తావురా, నీ తలకాయా?" అనేవాడు గురువు. అందుకని కాటా బాబాయ్ ప్రతి బిళ్ల మీద పెన్సిల్‌తో ఏ కాలిదో, ఏ నెలో, ఏ సంవత్సరమో రాసి ఒక రేకు బిస్కెట్ డబ్బాలో వేశాడు.

రెండేళ్లు తిరిగేసరికి గ్లాసులో నీళ్లు మళ్లీ వాలాయి. మళ్లీ రంపం. మూడేళ్లకి ఇంకోసారి.

"ఇల్లు కుంగుతోందా, మీ బల్ల కాళ్లు పెరుగుతున్నాయా?" అని భార్య వేళాకోళం చేసేది. ఆయన కోస్తుంటే రాలిన చెక్కపొట్టుని ఆవిడే ఊడ్చేది. ఊడ్వడం ఆ ఇంట్లో సులువు. చీపురు ముట్టుకుంటే చాలు, చెత్త దానంతటదే మూలకి దారి పట్టేది. పాలు ఒలికినా అటే, నీళ్లు ఒలికినా అటే. పెన్సిళ్లు, గుండీలు, మాత్రలు, కూతురి గోళీలు, ఒకసారి ఏకంగా ఆవిడ ఉంగరం, పోయినవన్నీ ఆ మూలలోనే దొరికేవి. దానికి ఆవిడ 'బ్యాంకు' అని పేరు పెట్టింది. "నాన్నా, నా రబ్బరు పోయింది" అని కూతురు ఏడుస్తూ వస్తే, "బ్యాంకులో చూసుకో, ఎవరో వేసుంటారు" అనేవాడు.

అవి కాటాలకి కాలం ఉన్న రోజులు. ముందుగది నిండా తక్కెడలు వేలాడేవి. గుమ్మంలో బస్తాలు తూచే పెద్ద కాటా ఉండేది. స్కూలు నుంచి వస్తూ వీధి పిల్లలందరూ దాని మీద ఎక్కి దిగాల్సిందే. పైనుంచి ఇంటావిడ కూతురు రోజూ వచ్చేది. చేతిలో ఇటుక పట్టుకుని ఎక్కి, "బాబాయ్, నేను ఒక్కరోజులో ఎంత లావయ్యానో చూశావా!" అనేది. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయినట్టు గుండెల మీద చెయ్యి వేసుకునేవాడు. కొన్నాళ్లకి పిల్లలు బరువుతో పాటు ఎత్తూ చూడమన్నారు. గోడకి మేకు కొట్టకూడదన్నారు గాని గీత గీయకూడదనలేదుగా. గుమ్మం పక్క గోడంతా పెన్సిల్ గీతలతో నిండిపోయింది.

తర్వాత అంకెలు వెలిగే కాటాలొచ్చాయి. కాటా బాబాయ్ వెనకబడలేదు. సొసైటీలో అప్పు తీసుకుని, వాటిని సరిచూసే మెరిసే ఉక్కురాళ్ల పెట్టె ఒకటి కొన్నాడు. కానీ ఆ కాటాలు చెడిపోతే ఎవరూ బాగుచేయించరని ఆయనకి తెలియడానికి రెండేళ్లు పట్టింది. పారేసి కొత్తది కొంటారు. రాళ్ల పెట్టె ముఖమల్ గుడ్డలో భద్రంగా పడుకుంది. అప్పు మాత్రం పడుకోలేదు. నెలనెలా సొసైటీకి కట్టాక అద్దెకి మిగలడం మానేసింది. అలా ఎనిమిది నెలలు.

ఇల్లుగల పెద్దావిడ పోయి ఏడాదైంది. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగని ఆవిడ కూతురు, ఒక సోమవారం పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెకి ఇప్పుడు నలభై. చేతులు పిసుక్కుంటూ ఉంటే చాలాసేపు కాటా బాబాయే చూసి, "ఏంటమ్మా, ఇటుకేమైనా మర్చిపోయావా?" అన్నాడు.

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

"మా ఆయన వ్యాపారం మునిగిపోయింది బాబాయ్. ఇల్లు అమ్మకపోతే మేం వీధిన పడతాం. శుక్రవారం బేకరీ ఆయన చూడ్డానికి వస్తున్నాడు. కొంటే ఆయనే ఉంటాడట, ముందుగదిలో పొయ్యి పెట్టుకుంటాడట."

ఆయన చేతిలోని తక్కెడ పళ్లెం చిన్నగా ఊగింది. దాన్ని వేలితో ఆపాడు.

"ఎన్నాళ్లుంది మాకు?"

"కొంటే నెల. బాబాయ్, ఒక్క మాట. పొయ్యి బరువు చాలా ఎక్కువట. నేల వాలు చూసి ఆయన కచ్చితంగా అడుగుతాడు. నీళ్లు పోవడానికి మొదటే అలా వేశారని మీరు చెప్పండి చాలు. మీ మాటంటే ఊళ్లో కొట్లవాళ్లందరికీ నమ్మకం. ఆ ఎనిమిది నెలల సంగతి నేనిక ఎత్తను."

ఆమె వెళ్లగానే భార్య వంటగదిలోంచి బయటికొచ్చింది. అంతా వింది.

"ఇంకో మాట చెప్పొచ్చుగా," అంది నెమ్మదిగా.

"ఏం మాట?"

"కుంగుతోందని. ఇప్పటికీ కుంగుతోందని చెప్పండి. బేకరీ ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోతాడు. ఇంకొకడు దొరికేదాకా ఏడాది పడుతుంది. ఏడాదిలో ఏదో ఒకటి తేలకపోతుందా?"

"కుంగడం ఎప్పుడో ఆగిపోయింది కదే."

"ఆగిందని మనిద్దరికేగా తెలుసు!"

మూడో మనిషికి కూడా తెలుసు. వాళ్ల కూతురు రోజూ ఉద్యోగానికి వెళ్తూ తన పధ్నాలుగు నెలల పాపని ఇక్కడ వదిలిపోయేది. ప్రతి బల్ల మూలకీ గుడ్డ చుట్టి, ప్రతి గుండీనీ పైకెత్తి పెట్టి, "అమ్మా, నోట్లో పెట్టుకుంటుంది, చూస్తుండు" అని మూడుసార్లు చెప్పి, వీధి చివరిదాకా పోయి నాలుగోసారి చెప్పడానికి వెనక్కి వచ్చే రకం. ఆ సాయంత్రం పాపని తీసుకెళ్లడానికి వచ్చి, తండ్రి ముందున్న డబ్బా చూసింది. బిళ్లల్ని ఒక్కొక్కటీ తిప్పి తేదీలు చదివింది.

"ఆరుసార్లు కోశావు. మొదటి పదహారేళ్లలోనే ఆరూ అయిపోయాయి. తర్వాత పదిహేనేళ్లు ఒక్కటీ లేదు. ఇది డబ్బా కాదు నాన్నా, రిపోర్టు."

"అందుకే దాన్ని నేను దాస్తున్నా," అని తల్లి డబ్బా లాక్కుని కుట్టుమిషన్ కింద పెట్టేసింది.

"దాస్తే దాచావు గాని, మూత గట్టిగా పెట్టమ్మా. పాప మింగుతుంది."

శుక్రవారం దాకా కాటా బాబాయ్‌కి పని మీద చెయ్యి నిలవలేదు. గుమ్మం పక్క గోడ దగ్గరికి వెళ్లి గీతలు చూస్తూ నిలబడేవాడు. మోకాలెత్తు నుంచి మొదలైన కూతురి గీతలు. దాని పక్కనే ఇంటావిడ కూతురివి. ఆ పిల్ల మడమలెత్తి నిలబడి మోసం చేసినప్పుడల్లా ఆయన గీత పక్కన చిన్న చెప్పు బొమ్మ వేసేవాడు. మొత్తం నాలుగు చెప్పులున్నాయి. ఈ గోడని వెంట తీసుకెళ్లడం కుదరదు. ఇదొక్కటి ఉంటే చాలు, ఏడాది చాలు అనిపించింది. నోట్లో ఆ అబద్ధాన్ని ఒకటి రెండుసార్లు అనుకుని కూడా చూశాడు. 'కుంగుతోందండీ.' పెద్ద కష్టంగా ఏం లేదు.

బేకరీ ఆయన వచ్చాడు. లావుపాటి మనిషి, కనుబొమ్మల్లో పిండి. వెంట ఇంటావిడ కూతురు. వస్తూనే కుర్చీ లాక్కుని కిటికీ వైపు తిప్పబోయాడు.

"తిప్పకండి!" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు.

ఆయన బెదిరిపోయి చేతులు రెండూ పైకెత్తాడు. సంగతి చెప్పాక కాసేపు నవ్వాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి నేల మీద పెట్టాడు. పెన్ను తనకి దారి ఎవరూ చెప్పక్కర్లేదన్నట్టు బ్యాంకులోకి వెళ్లిపోయింది. ఆయన నవ్వు ఆగింది.

"బాబాయ్, ఉన్నదున్నట్టు అడుగుతా. నా పొయ్యి పదిహేనుమంది మనుషులంత బరువు. మధ్యగదిలో నా ఇద్దరు పిల్లలు పడుకుంటారు. ఈ నేల సంగతేంటి?"

ఇంటావిడ కూతురు కిటికీలోంచి బయటికి చూస్తోంది, కానీ చెవులు ఇక్కడే ఉన్నాయి. భార్య కుట్టుమిషన్‌కి ఆనుకుని నిలబడి ఆయన కళ్లలోకే చూస్తోంది. ఇద్దరూ ఒక్కో పళ్లెంలో ఒక్కో మాట పెట్టి ఎదురుచూస్తున్నట్టుంది. పాప ఒక్కతే పట్టించుకోకుండా, కాస్త పక్కకి వాలుతూ, మూలలో ఉన్న పెన్ను కోసం బయల్దేరింది.

"ఏమోయ్," అన్నాడు కాటా బాబాయ్ భార్యతో. "ఆ డబ్బా ఇలా ఇయ్యి."

ఆవిడ కదల్లేదు.

"ఇయ్యవే. నలభై ఏళ్లుగా ఎవడి కాటా మీదా చెయ్యి ఆనించలేదు. ఇప్పుడు మన కాటా అని ఆనిస్తే ఎట్లా?"

ఆవిడ వంగి డబ్బా తీసింది. ఇస్తూ కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది. ఆయన బల్ల కాళ్ల బిళ్లల్ని బల్ల మీదే వరసగా పేర్చాడు. తేదీలు చదివి వినిపించాడు. మొదటిది వాళ్లొచ్చిన నెల. ఆఖరిది పదిహేనేళ్ల కిందటిది.

"మొదట రెండు వేళ్లు. తర్వాత పదహారేళ్లలో ఇంకో రెండు కుంగింది. ఆ పైన నేను రంపం ముట్టలేదు. కావాలంటే చూసుకోండి." గ్లాసులో నీళ్లు పోసి బల్ల మీద పెట్టాడు. అంచు చుట్టూ సమానంగా నిలిచాయి. "కానీ పదిహేనుమంది బరువు ఎప్పుడూ మొయ్యలేదు ఈ నేల. పొయ్యి పెట్టేచోట తవ్వి గట్టిచేసుకోండి. మాకు తవ్వే హక్కు లేదు గాని మీకుంటుంది."

బేకరీ ఆయన ఒక బిళ్లని వెలుతురు వైపు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇల్లు అమ్మేవాడు ఎవడూ ఇన్ని కాగితాలు చూపించడు," అన్నాడు. "నాకు నచ్చింది. తవ్వకం ఖర్చు మాత్రం ధరలో తగ్గించాలమ్మా."

ఆమె తలూపింది. కళ్లు తుడుచుకుంది. అది ఊరటో బాధో ఆమెకే తెలియలేదు. బేకరీ ఆయన వెళ్లాక గుమ్మంలో ఆగి, "ఎనిమిది నెలల సంగతి ఎత్తనన్నాను కదా బాబాయ్, ఎత్తను," అంది.

"నువ్వు ఎత్తనన్నది వేరే మాటకమ్మా. ఆ మాట నేను చెప్పలేదుగా."

ఉక్కురాళ్ల పెట్టె అమ్మితే ఐదు నెలల అద్దె తీరింది. మిగతా మూడూ కొంచెం కొంచెంగా ఇస్తానన్నాడు. గుమ్మంలోని పెద్ద కాటాని బేకరీ ఆయన పిండిబస్తాల కోసం అడిగి తీసుకున్నాడు. ఆ డబ్బు కొత్త ఇంటి అడ్వాన్సుకి పోయింది. సొసైటీ అప్పు అలాగే ఉంది. భార్య రెండురోజులు ఆయనతో ముభావంగా ఉంది. మూడోరోజు గోడ మీది గీతల్ని కాగితం ఆనించి పెన్సిల్‌తో దించుకుంటూ కనిపించింది. చెప్పు బొమ్మలతో సహా.

కొత్త ఇల్లు మూడో అంతస్తులో రెండు చిన్న గదులు. నున్నటి పలకల నేల. సామాను దింపినవాళ్లు వెళ్లిపోయాక భార్యాభర్తలు గది మధ్యలో నిలబడి చూశారు. బల్ల, కుర్చీలు, మంచం, అన్నీ ఎర్రచుక్కల వైపు వంగి ఉన్నాయి. గుమ్మం దగ్గర ఎవరో పెద్దమనిషి వస్తే అందరూ కలిసి వంగి దండం పెడుతున్నట్టుంది. అది చూసి ఆవిడకి మొదట నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ మంచం మీద కూర్చుంది. మంచం ఆవిడని మెల్లగా ముందుకు జార్చింది. అప్పుడు కొంగు నోట్లో కుక్కుకుంది.

"ముప్ఫై ఏళ్లు ఆ నేలకి మనల్ని మనమే కోసుకున్నాం కదండీ."

ఆయన డబ్బా మూత తీశాడు. బిళ్లల మీద రాత చదివి, ఏ కాలివి ఆ కాలి దగ్గర గుట్టలుగా పెట్టాడు. వడ్రంగి జిగురు తెచ్చాడు. చివర కోసింది మొదట, మొదట కోసింది చివర. ఒక్కో బిళ్ల అతికించేముందు తేదీ పైకి చదివేవాడు.

"ఇది అమ్మాయి స్కూల్లో చేరిన ఏడాది."

"ఇది నాకు కాలు విరిగిన నెల," అనేది ఆవిడ.

"ఇది ఆ ఇటుక పిల్ల పెళ్లి."

జిగురు ఆరేదాకా ఒకరోజంతా నేల మీదే కూర్చున్నారు. మర్నాడు ఆదివారం. కూతురు పాపని తీసుకుని వచ్చింది. వస్తూనే కిటికీ కడ్డీల మధ్య దూరం బెత్తతో కొలిచి, పాప తల పట్టదని తేలాక కూర్చుంది. పలకల మీద పాప నడక చూసి మళ్లీ లేచింది.

"చూడు నాన్నా, ఇక్కడ కూడా ఎడమపక్కకే వాలుతోంది. నేల వాలు లేదుగా! డాక్టర్‌కి చూపించనా?"

"దాన్ని నాలుగు రోజులు నడవనియ్యమ్మా. అది నేర్చుకుంది అక్కడ మరి."

కాటా బాబాయ్ బల్ల మీద గ్లాసు పెట్టి నీళ్లు పోశాడు. అందరూ వంగి చూశారు. నీళ్లు దాదాపు సమానంగా నిలిచాయి. దాదాపు. ఒక పక్క కొంచెం పైకి ఉన్నాయి.

"డబ్బాలో ఇంకేమైనా మిగిలిందా?" అంది భార్య.

ఆయన డబ్బా తిరగేసి కొట్టాడు. ఏమీ రాలలేదు.

"లేదు. కోసినప్పుడల్లా రంపం తిన్నది ఉంటుందిగా. పొట్టు. అది ఎవరు దాచారు?"

"నేనే ఊడ్చి పారేశాను," అందావిడ. ఆరుసార్లు, ఆ మూల నుంచి, చేటలోకి ఎత్తి. "చెప్పొద్దూ, అది కూడా దాచమంటే దాచేదాన్ని."

"గోరంతే కదే. ఉండనీ."

ఆవిడ బుట్టలోంచి చొక్కా తీసి గుండీ కుట్టడానికి కూర్చుంది. దారం ఎక్కిస్తుంటే గుండీ జారి టక్కుమని పడింది. భార్యాభర్తలిద్దరూ తల కూడా దించకుండా ఒకేసారి ఎడమవైపు వెనక మూలకి చూశారు. అక్కడ ఏమీ లేదు. పలకలు మెరుస్తున్నాయి.

గుండీ పడ్డచోటే, ఆవిడ కాలి పక్కనే ఉంది.

కానీ పాప అప్పటికే బయల్దేరింది. ఎడమపక్కకి వాలుతూ, చేతులు చాచుకుని, తనకి బాగా తెలిసిన దారిలో మూల దాకా నడిచింది. వంగి చూసింది. గోడని ఒకసారి తట్టింది. వెనక్కి తిరిగి ఖాళీ చేతులు రెండూ తాతకి చూపించింది.

"ఇటు రా తల్లీ," అని గుండీ తీసి అరచేతిలో పెట్టుకుని, కాటా బాబాయ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇటు, ఇటు. తిన్నగా నడిచి రా."

"నోట్లో పెట్టనీకు నాన్నా," అంది కూతురు.

పాప మొదటి అడుగు వేసింది.